ఉత్తరంలో రాయని మాట: అమెరికా గడ్డినేలల చరిత్రను ఎలా చదవాలి?

నెబ్రాస్కా రాష్ట్రం కస్టర్ కౌంటీలో 1880ల చివర తీసిన ఒక ఫొటో ఉంది. ఆరుబయట, వట్టి నేల మీద ఒక ఆర్గాన్ పెట్టి ఉంటుంది. కాళ్ళతో తొక్కుతూ వాయించే పెద్ద వాద్యం అది, ఒక్కరు కదిలించగలిగేది కాదు. దాని చుట్టూ హిల్టన్ కుటుంబం మంచి బట్టలు వేసుకుని నిలుచుంది. ఇల్లు మాత్రం ఫొటోలో కనిపించదు. గడ్డివేళ్ళు పట్టిన మట్టిపెళ్ళలను ఇటుకల్లా పేర్చి కట్టిన ఇల్లు వాళ్ళది. తూర్పు రాష్ట్రాల్లో ఉన్న స్నేహితులకు ఫొటో పంపాలి, కానీ తాము మట్టింట్లో ఉంటున్నామని వాళ్ళకు తెలియకూడదు అనుకుంది ఆ ఇల్లాలు. అందుకని ఆర్గాన్‌ను బయటికి మోయించి, ఫొటో దిగి, మళ్ళీ లోపలికి చేర్పించింది.

తీసినవాడు సాలమన్ బుచర్. 1886 నుంచి బండి మీద కెమెరా వేసుకుని ఊరూరా తిరిగి, మట్టిళ్ళ ముందు కుటుంబాలను నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆయన ఫొటోల నెగటివ్‌లైన గాజు పలకలు సుమారు 3,000 ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ రోజుల్లో జనం ఎలా బతికారో చూడాలంటే అందరూ ముందు వాటినే తిరగేస్తారు. హిల్టన్ కుటుంబం ఫొటోలో అబద్ధమేమీ లేదు. ఆర్గాన్ వాళ్ళదే, బట్టలూ వాళ్ళవే. కానీ ఇల్లు ఎందుకు లేదో తెలిశాకే ఆ మనుషుల మనసు మనకు అర్థమవుతుంది. ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఉత్తరాలనూ, ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలనూ చదువుతున్నప్పుడు నాకు ఈ ఫొటోనే గుర్తొస్తుంది. వాటిలో ఏముందో చదవడం సులువు. ఏం లేదో, ఎందుకు లేదో పట్టుకోవడమే కష్టం.

ముందు నేల సంగతి. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. 21 ఏళ్ళు నిండినవారు గానీ, వయసుతో పనిలేకుండా కుటుంబ పెద్ద గానీ 160 ఎకరాల ప్రభుత్వ భూమికి క్లైమ్ వేసుకోవచ్చు, అంటే ఈ నేల మాకు కావాలని భూమి కార్యాలయంలో రాయించుకోవచ్చు. అలా రాయించుకున్న నేలనూ క్లైమ్ అనే అంటారు. దేశ పౌరులై ఉండాలి, లేదా పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించి ఉండాలి. ప్రభుత్వం మీద ఆయుధం ఎత్తి ఉండకూడదు. ఫీజులన్నీ కలిపితే సుమారు 18 డాలర్లు. ఐదేళ్ళు అక్కడే కాపురం ఉండి, ఇల్లు కట్టి, దున్ని సాగు చేస్తే పట్టా చేతికొస్తుంది. 1976లో చట్టాన్ని ఎత్తేసేదాకా (అలాస్కాలో ఇంకో పదేళ్ళు సాగింది) ఇలా సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు. అంటే దేశం మొత్తం నేలలో పదో వంతు.

ఈ చట్టంలో ఆడవాళ్ళకు ఒక దారి ఉంది. పెళ్ళికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ తన పేరునే క్లైమ్ వేసుకోవచ్చు. భర్తతో కాపురం చేస్తున్న స్త్రీకి మాత్రం ఆ వీలు లేదు. ఈ ఒక్క షరతు ఒక ప్రసిద్ధమైన ఉత్తరాల కట్టను ఎంత చిక్కు చేసిందో తర్వాత చెబుతాను.

చెట్టూ పుట్టా లేని ఆ మైదానాల్లోకి వెళ్ళినవాళ్ళకు వెనకటి లోకంతో మిగిలిన బంధం ఉత్తరమే. అయితే ఆ రోజుల ఉత్తరాన్ని ఇద్దరి మధ్య గుట్టుగా నడిచే మాటగా అనుకుంటే పొరపాటు. నార్వేలో వాటిని ‘అమెరికా ఉత్తరాలు’ అనేవాళ్ళు. ఒక ఇంటికి ఉత్తరం వస్తే చుట్టుపక్కలవాళ్ళు చేరి చదివించుకుని వినేవాళ్ళు. నకళ్ళు రాసుకునేవాళ్ళు. కొన్ని స్థానిక పత్రికల్లో అచ్చయ్యేవి. అవి విని ఊళ్ళకు ఊళ్ళు ఓడ ఎక్కాయి. తన మాట ఊరంతా వింటుందని రాసేవాడికి తెలుసు. వెళ్ళొద్దని వారించిన మేనమామ వింటాడు, అప్పిచ్చినవాడు వింటాడు. అలాంటప్పుడు ‘వచ్చి తప్పు చేశాను’ అని రాయడానికి చేయి ఎలా ఆడుతుంది? మన పెద్దలు ఎంత కష్టంలో ఉన్నా ‘ఇక్కడ అందరం క్షేమం’ అనే ఉత్తరం మొదలుపెట్టేవారు కదా.

ఆబ్లింగర్ దంపతుల ఉత్తరాలు తీసుకుందాం. యురయా ఆబ్లింగర్ అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసినవాడు. 1872లో భార్య మ్యాటీనీ, పసిబిడ్డనూ ఇండియానాలో వదిలి, బావమరుదులతో కలిసి నెబ్రాస్కాకు బయల్దేరాడు. ఫిల్‌మోర్ కౌంటీలో క్లైమ్ వేసి, భార్యకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1873లో ఆమె వచ్చి చేరింది. ఆ జూన్ 16న ఇండియానాలోని అయినవాళ్ళకు ఆమె రాసిన ఉత్తరాన్ని నేను చాలాసార్లు చదివాను. మట్టింట్లో ఉన్నాం కాబట్టి నానా అవస్థలూ పడుతున్నామని మీరనుకుంటున్నారేమో, నిజం చెబుతున్నాను, ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను అని రాసింది. కొత్త కాబట్టి మురిసిపోతున్నావని అంటావేమో జార్జ్, అది కారణం కాదు అని తానే మళ్ళీ అంది. వచ్చే వసంతంలో ఇల్లు మారాలనే బెంగ లేదట. చేసే ప్రతి చాకిరీ తమకోసమేనట, అందులో సగం ఇంకొకరికి పోదట.

ఈ చివరి మాట దగ్గర తెలుగు పాఠకుడు ఆగకుండా ఉండలేడు. ఇది కౌలు రైతు మాట. ఇండియానాలో వాళ్ళు పండించినదాంట్లో వాటా భూమిగలవాడికి పోయేది, ఏడాది తిరిగేసరికి ఇంకో పొలం వెతుక్కోవాల్సి వచ్చేది. అది తెలిస్తే మట్టింట్లో ఆమె సంతోషం చుట్టాల ముందు బింకం కోసం చెప్పిన మాటలా అనిపించదు. వాళ్ళు బీదరికం నుంచి పారిపోయి అక్కడికి రాలేదు, అసలు బీదరికంలోకే వెళ్ళారు. సొంత నేల ఉంటే ఆ బీదరికాన్ని ఓర్చుకోవచ్చనుకున్నారు. ఏ చట్టం చదివినా ఈ లెక్క తెలియదు.

కానీ ఆ ఉత్తరం 1873 జూన్ నాటిది. రేపు ఏం జరుగుతుందో రాసేవాళ్ళకు తెలియదు, ఉత్తరాల బలమూ అదే, పరిమితీ అదే. మరుసటి ఏడాది, 1874లో, రాకీ పర్వతాల మిడతలు మేఘాల్లా వచ్చి గడ్డినేలల మీద వాలాయి. పైరు తిన్నాయి, ఆరేసిన బట్టలు తిన్నాయి, చెమట పట్టిన పనిముట్ల పిడులు కూడా కొరికాయి. 1880లో మ్యాటీ కాన్పులో చనిపోయింది. తర్వాత రాసిన జ్ఞాపకం అయితే ఆ చావు నీడ మొదటి పేజీ నుంచే కనిపించేది. 1873 ఉత్తరంలో ఆ నీడ లేదు. చదివే మనకు మాత్రం తెలుసు. నేను ఈ ఉత్తరాలను ఎప్పుడు తీసినా కాస్త నెమ్మదిగా చదువుతాను, ఆమెను తొందరపెట్టడం ఇష్టం లేక.

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి వద్దాం. ఎలినోర్ ప్రూయిట్ స్టూవర్ట్ డెన్వర్‌లో ఇళ్ళలో పనిచేసి బతికిన మనిషి. జెరీన్ అనే చిన్న కూతురు ఉంది. 1909లో వయోమింగ్‌లోని బర్న్ట్‌ఫోర్క్‌లో క్లైడ్ స్టూవర్ట్ అనే పశువుల రైతు ఇంట్లో వంటా, ఇంటి పనీ చూడడానికి వెళ్ళింది. అక్కడ్నుంచి తన పాత యజమానురాలు మిసెస్ కోనీకి ఉత్తరాలు రాసింది. అవి ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో వచ్చి, 1914లో పుస్తకమయ్యాయి. ఆమె రాత అంత బతికున్న రాత. మంచు పడే రాత్రి బయట పడుకోవడం, 30 మైళ్ళ దూరంలోని పొరుగువారితో పండగ చేసుకోవడం, గడ్డి కోసే యంత్రాన్ని తానే తోలడం, ఏది చెప్పినా కళ్ళకు కట్టిస్తుంది. పట్నంలో బట్టలుతికి బతికే బీద ఆడవాళ్ళు వచ్చి క్లైమ్ వేసుకోవాలని ఆమె గట్టి నమ్మకం. తన తోడు తనకు చాలనుకునే మనిషీ, మొక్క ఎదగడం చూసి సంతోషించే మనిషీ, ఉతుకుడు తొట్టి దగ్గర పడేంత శ్రమే నేల మీద పడితే తప్పక గెలుస్తుందని, చివరికి సొంత ఇల్లు మిగులుతుందని రాసింది. ఒంటరి స్త్రీ సొంత భూమి సంపాదించుకున్న కథకు ఈ ఉత్తరాలే గుర్తుగా నిలిచిపోయాయి.

1991లో షెర్రీ స్మిత్ అనే చరిత్రకారిణి భూమి కార్యాలయం దస్త్రాలను ఈ ఉత్తరాల పక్కన పెట్టి చూశారు. ఎలినోర్ 1909లో క్లైమ్ వేసిన కొద్ది రోజులకే క్లైడ్ స్టూవర్ట్‌ను పెళ్ళి చేసుకుంది. ఆ సంగతి మిసెస్ కోనీకి వెంటనే చెప్పలేదు. చాలా నెలల తర్వాత, చెప్పడానికి సిగ్గేసింది అంటూ ఒప్పుకుంది. ఆమె ఇంటిని భర్త ఇంటికి ఆనించే కట్టారు, రెండు క్లైముల మధ్య హద్దు ఆ గోడల దగ్గరే ఉంది. భూమి కష్టాలన్నీ నేనొక్కదాన్నే పడతాను, నువ్వు సాయం చేయకూడదు అని మాట తీసుకున్నాకే పెళ్ళికి ఒప్పుకున్నానని ఒక ఉత్తరంలో రాసింది. కానీ పట్టా ఆమె పేరున రాలేదు. 1912లో ఆమె తన క్లైమ్‌ను వదులుకుంది, దాన్ని అత్తగారి పేరున వేయించారు.

అయితే ఆమె అబద్ధాలకోరా? కొందరు ఈ సంగతి తెలియగానే పుస్తకం మూసేస్తారు. నాకు అది న్యాయమనిపించదు. భార్యాభర్తలు వేర్వేరు క్లైముల మీద వేర్వేరు కాపురాలు ఉంటున్నామని చూపించడం చట్టం ముందు నిలబడే పని కాదు. క్లైమ్ నిలుపుకోవడానికి ఉన్న దారి దాన్ని ఇంట్లోనే ఇంకొకరి పేరుకు మార్చడం. భర్త లేని ఆ అత్తగారికి క్లైమ్ వేసే అర్హత ఉంది. ఇదంతా రాసుకోదగ్గ గొప్ప సంగతి కాదు కాబట్టి రాయలేదు. ఆమె చెప్పిన సలహా మాత్రం తప్పు కాలేదు. వేలమంది ఒంటరి స్త్రీలు నిజంగానే పట్టాలు తెచ్చుకున్నారని అవే దస్త్రాలు చెబుతున్నాయి. తనకు దక్కనిది ఇంకొకరికి దక్కుతుందని ఆమె చెప్పింది, వాళ్ళకు దక్కింది.

దాచిపెట్టినది ఇంకొకటి ఉంది. పెళ్ళి సంగతి పూర్తిగా చెప్పిన ఉత్తరంలోనే ఎలినోర్ తన మొదటి మగబిడ్డ చావు గురించి కూడా చెప్పింది. దగ్గర్లో డాక్టరు లేడు, పాస్టరూ లేడు. శవపేటిక కొనలేక కాదు, తమ చేతులతో బిడ్డకు చేయగలిగిన ఆఖరి పని అదేనని క్లైడ్ దాన్ని తయారుచేశాడు, ఆమె లోపల మెత్త కుట్టింది. యోహాను సువార్తలోని ఒక అధ్యాయం తీసుకుని తామే ప్రార్థన జరిపారు. చుట్టూ 30 మైళ్ళలో ఉన్న పొరుగువాళ్ళంతా వచ్చారు. అంతకుముందు రాసిన సరదా ఉత్తరాల మధ్య ఎక్కడో ఈ బిడ్డ పుట్టి పోయాడు, అయినా అక్కడ ఆ ఊసే లేదు. పెళ్ళి దాచినందుకు ఆమెను నిలదీసేవాళ్ళు ఈ మౌనం దగ్గర కూడా కాసేపు ఆగాలి.

ఇక ప్రభుత్వ దస్త్రమే నిజం, ఉత్తరం కల్పన అనుకుందామా అంటే అదీ కుదరదు. పట్టా కావాలంటే ఇద్దరు సాక్షులు ప్రమాణం చేసి చెప్పాలి. ఇల్లు ఎన్ని అడుగులు, కిటికీలెన్ని, ఎన్ని ఎకరాలు దున్నారు, ఎన్ని చెట్లు నాటారు, ఊరు వదిలి ఎన్నాళ్ళు వెళ్ళారు అన్నీ రాసుకునేవారు. ఆ కాగితాలు బంగారం లాంటివి, జాతీయ భాండాగారంలో ఇప్పటికీ చూడొచ్చు. కానీ సాక్షి సాధారణంగా పక్క క్లైమ్‌వాడే. ఈరోజు నీకు నేను, రేపు నాకు నువ్వు. చక్రాల మీద కట్టిన గదిని ఒక క్లైమ్ నుంచి ఇంకో క్లైమ్‌కు లాక్కెళ్ళి ‘ఇదే ఇల్లు’ అని చూపించిన కథలు గడ్డినేలలంతటా చెప్పుకుంటారు. పన్నెండు బై పద్నాలుగు ఇల్లు అని ప్రమాణం చేసి, అవి అడుగులో అంగుళాలో చెప్పనివాళ్ళ కథలూ ఉన్నాయి. పట్టా తీసుకోబోతున్నామని స్థానిక పత్రికలో ప్రకటన వేయాలనే నిబంధన ఒకటి ఉండేది. ఆ ప్రకటనల డబ్బుతోనే చిన్న చిన్న ఊళ్ళలో వారపత్రికలు పుట్టుకొచ్చాయి. ఆ ఊళ్ళ చరిత్రకు ఇప్పుడు మనకు మిగిలిన ఆధారాల్లో అవి పెద్దవి. వాటికి అన్నం పెట్టింది కొత్తగా వచ్చే జనం కాబట్టి, కరువు గురించి అవి ఎంత మెల్లగా మాట్లాడతాయో గమనించాలి.

జ్ఞాపకాల సంగతి వేరు. రాసేవాళ్ళకు ముగింపు ముందే తెలుసు.

కాన్సస్‌లోని నికోడెమస్ ఊరు 1877లో పుట్టింది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు, చాలావరకు కెంటకీ నుంచి, సొంత నేల కోసం అక్కడికి వచ్చాయి. నల్లజాతివారి కోసమే కొత్త పట్టణం కడుతున్నామని కరపత్రాలు పంచారు. విలియానా హిక్‌మన్ 1878 వసంతంలో భర్త, పిల్లలతో వచ్చింది. ఎల్లిస్‌లో రైలు దిగాక పిల్లలకు తట్టు సోకింది. అక్కడినుంచి బండ్ల మీద రెండు రోజులు, దారి లేదు, దిక్సూచి చూసుకుంటూ ప్రయాణం. ఊరొచ్చేసిందని మగవాళ్ళు కేకలేశారు. నికోడెమస్ ఎక్కడ, నాకేం కనపడడం లేదే అని అడిగింది. నేలలోంచి లేస్తున్న పొగలను చూపించి, అదే నికోడెమస్ అన్నాడు భర్త. జనం నేలలో గుంతలు తవ్వుకుని వాటిలో ఉంటున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఈ మాటలు ఆమె సుమారు 60 ఏళ్ళ తర్వాత, 1937లో, ఒక దినపత్రికకు చెప్పింది. ఆ రోజే చుట్టాలకు ఉత్తరం రాసి ఉంటే ‘ఏడ్చాను’ అని రాసేదా? రాసి ఉండదనే నా నమ్మకం. వెనక ఇంకా చాలామంది రావాల్సినవాళ్ళు ఉన్నారు. ఆ ఊరు నిలబడాలంటే వాళ్ళు రావాలి. అరవై ఏళ్ళు గడిచాక, నిలబడి చూపించాక, ఆ మొదటి సాయంత్రపు ఏడుపును బయటికి చెప్పుకునే హక్కు ఆమెకు వచ్చింది. కొన్ని నిజాలు ఉత్తరంలో కంటే జ్ఞాపకంలోనే ముందు బయటపడతాయి. వయసు మీద పడ్డాక చెప్పేవన్నీ మసకబారిన మాటలే అనుకునేవాళ్ళతో నేను ఇందుకే ఒప్పుకోను.

నికోడెమస్‌కు రైలు వస్తుందని ఎదురుచూశారు. 1888లో రైలు పట్టాలు నదికి అవతలి ఒడ్డున పడ్డాయి. కొట్లు మూసుకుని వ్యాపారులు అటు వెళ్ళిపోయారు. ఊరు చిక్కిపోయింది కానీ పోలేదు. ప్రతి జులై చివర్లో విముక్తి పండగకు ఆ వంశాలవాళ్ళు దేశం నలుమూలల నుంచి వస్తారు. 1996లో ప్రభుత్వం ఆ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. అక్కడ మొదటి చలికాలంలో ఆకలితో ఉన్నవాళ్ళకు వేట నుంచి తిరిగి వస్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్ళు మాంసం పంచారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ సంగతి వాళ్ళ నోటి మాటల్లో బతికింది కాబట్టే మనదాకా వచ్చింది.

జ్ఞాపకం దారి తప్పే చోటు కూడా చూడాలి. 1888 జనవరి 12 ఉదయం ఎండ కాసింది, పిల్లలు పలచని బట్టలతో బడికి వెళ్ళారు. ఉన్నట్టుండి మంచు తుపాను విరుచుకుపడింది. సుమారు 235 మంది చనిపోయారని అంచనా, వాళ్ళలో చాలామంది పిల్లలు. నెబ్రాస్కాలోని మైరా వ్యాలీలో మినీ ఫ్రీమన్ అనే పడుచు టీచరు, బడి కప్పు ఎగిరిపోతే పిల్లలను క్షేమంగా నడిపించుకెళ్ళింది. ఆమె పిల్లలందరినీ ఒకే తాడుకు కట్టి తీసుకెళ్ళిందని పత్రికలు రాశాయి, దేశమంతా ఆమె పేరు మోగిపోయింది. తర్వాత, అప్పుడు ఆ బళ్ళో ఉన్నవాళ్ళలోనే కొందరు తాడేమీ లేదన్నారు, కొందరు ఉందన్నారు. తుపాను నుంచి బయటపడినవాళ్ళు 1940లలో ఒక సంఘంగా చేరి తమ జ్ఞాపకాలు పోగుచేశారు, 1947లో అవి పుస్తకంగా వచ్చాయి. అప్పటికి అరవై ఏళ్ళుగా పత్రికల కథ వాళ్ళ చెవుల్లో ఉంది. ఏది తాను చూసింది, ఏది విన్నది అని విడదీసుకోవడం ఎవరి తరమూ కాదు. తాడు సంగతి తేలకపోయినా, పొద్దున బడికి వెళ్ళిన పిల్లాడి కోటు కొక్కేనికి వేలాడుతుండడం లాంటి చిన్న జ్ఞాపకాలను నేను నమ్ముతాను. అలాంటివి కల్పించి ఎవరికీ ఏమీ రాదు.

కౌంటీ చరిత్ర పుస్తకాల గురించి ఒక్క మాట చాలు. 1880ల నుంచి లావుపాటి సంపుటాలు వచ్చాయి, వాటినిండా ‘ఊరి పెద్దల’ జీవితాలు. చాలావాటిలో చందా కట్టినవారి జీవితమే అచ్చయ్యేది. కూలివాడు, దివాలా తీసి బండి కట్టుకుని వెళ్ళిపోయినవాడు వాటిలో కనిపించరు. వెళ్ళిపోయినవాళ్ళు మరి తక్కువేమీ కాదు.

ఉండిపోయినవాళ్ళలో కారొలైన్ హెండర్సన్‌ను తలుచుకోకుండా ఉండలేను. చదువుకున్న మనిషి. 1907లో ఒంటరిగా ఓక్లహోమా పశ్చిమ కొసన ఎవా అనే చోట క్లైమ్ వేసింది, మరుసటి ఏడాది విల్ హెండర్సన్‌ను పెళ్ళి చేసుకుంది. మొదట్లో ఆమె పత్రికలకు రాసినవాటిలో సొంత నేల దొరికిన ఆనందం పొంగుతుంటుంది. 1930లలో వర్షాలు ముఖం చాటేశాయి, దున్ని వదిలిన నేల దుమ్మై లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి పడింది, ఆ రోజును ఇప్పటికీ ‘బ్లాక్ సండే’ అంటారు. ఆ జూన్‌లో స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ముఖానికి రుమాళ్ళు కట్టుకుని, ముక్కుల్లో వేజలిన్ రాసుకుని ఇంట్లోంచి దుమ్ము ఎత్తిపోస్తున్నామని చెప్పింది. ఇలాంటివి 1936లో ‘అట్లాంటిక్’లో వచ్చాయి. ఆమె ఎక్కడా ఏడవదు. ఎందుకు వెళ్ళిపోరు అని అడిగేవాళ్ళకు సమాధానం వెతుకుతూ రాస్తుంది. ఒకే చేతి రాతను ముప్పై ఏళ్ళపాటు వరసగా చదివితే ఒక ప్రాంతం మీది నమ్మకం ఎలా అరిగిపోతుందో, అరిగినా ఎలా మిగులుతుందో తెలుస్తుంది. ఆ దంపతులు 1965 దాకా ఆ నేల మీదే ఉన్నారు.

ఇంతవరకూ నేను ‘ప్రభుత్వ భూమి’ అనే మాట వాడుతూ వచ్చాను. చట్టం వాడిన మాట అది. హోమ్‌స్టెడ్ చట్టం కింద మొదటి క్లైమ్‌గా చెప్పుకునే డేనియల్ ఫ్రీమన్ పొలం నెబ్రాస్కాలోని బీట్రిస్ దగ్గర ఉంది, ఇప్పుడది జాతీయ పార్కు. అది ఓటో-మిసూరియా తెగ 1854 ఒప్పందంలో వదులుకున్న నేల. పక్కనే మిగిలిన వాళ్ళ రిజర్వేషన్ (తెగ కోసమని విడిచిపెట్టిన నేల) నుంచి కూడా 1881లో వాళ్ళను దక్షిణానికి తరలించారు. 1887లో డాస్ చట్టం తెగల ఉమ్మడి నేలను మనిషికింత అని ముక్కలు చేసి, మిగిలింది వలస వచ్చినవాళ్ళకు తెరిచింది. 1934 నాటికి తెగల చేతుల్లో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 4.8 కోట్లకు పడిపోయాయి. మ్యాటీ ఉత్తరాల్లో గానీ ఎలినోర్ ఉత్తరాల్లో గానీ ఈ లెక్క కనిపించదు. ఇది దాచిపెట్టడం కూడా కాదు. వాళ్ళ చూపులోనే లేదు, నాకు అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఆ చూపు కావాలంటే ఇంకొకరిని వినాలి. ఉత్తర డకోటాలో మిసూరి నది ఒడ్డున పుట్టిన హిదాత్సా తెగ స్త్రీ, బఫెలో బర్డ్ ఉమన్. ఆమెకు ఇంగ్లీషు రాదు. తన భాషలో చెప్పింది, కొడుకు గుడ్‌బర్డ్ ఇంగ్లీషులోకి మార్చాడు, గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడు రాసుకున్నాడు. అది 1917లో పుస్తకంగా వచ్చింది. మూడు నోళ్ళు దాటి వచ్చిన మాట కాబట్టి ఎక్కడ ఆమె స్వరం, ఎక్కడ విల్సన్ ప్రశ్న అని చూసుకుంటూ చదవాలి. కానీ వ్యవసాయం దగ్గరికి వచ్చేసరికి ఏ సందేహమూ ఉండదు. మొక్కజొన్న ఎన్ని గింజలు ఎంత దూరంలో నాటాలి, గుమ్మడిని చక్రాలుగా కోసి ఎలా ఎండబెట్టాలి, విత్తనానికి ఏ కంకి ఉంచాలి, అన్నీ కొలిచినట్టు చెబుతుంది. ఆమె అవ్వ ఇనప పార ముట్టేది కాదు, అడవిదున్న భుజం ఎముకతో చేసిన పారనే వాడేది. చేలో మంచె కట్టుకుని, ఆడపిల్లలు దాని మీద కూర్చుని పిట్టలను తోలుతూ పైరుకు పాటలు పాడేవాళ్ళు. పైరు పసిబిడ్డలాంటిదట, పాట వినిపిస్తే సంతోషిస్తుందట. ఈ పేజీలు చదివాక, హోమ్‌స్టెడ్ కథల్లో పదేపదే వచ్చే ‘ఎవరూ దున్నని నేల’ అనే మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ తెగ దగ్గర తీసుకున్న చిక్కుడు గింజలనే బిస్మార్క్‌లోని ఆస్కర్ విల్ అనే విత్తనాల వ్యాపారి ‘గ్రేట్ నార్దర్న్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. మట్టిళ్ళ పొయ్యిల మీద కూడా అవే ఉడికాయి.

ఆమె పెరిగిన లైక్-ఎ-ఫిష్‌హుక్ ఊరును 1880లలో ఖాళీ చేయించి, కుటుంబాలను విడివిడి ముక్కల మీదకు పంపారు. తర్వాత నది మీద గారిసన్ డ్యామ్ కట్టారు. రిజర్వేషన్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా, అదీ మంచి ఒండ్రునేల, నీళ్ళలోకి పోయింది. ఆ పాత ఊరు చోటు కూడా 1953 తర్వాత జలాశయం అడుగునే ఉంది.

ఆ భూమి అమ్మకం కాగితాల మీద వాషింగ్టన్‌లో సంతకాలు జరిగింది 1948 మే 20న. లింకన్ సంతకం పెట్టిన తారీఖే, 86 ఏళ్ళ తర్వాత. ఆ గదిలో తీసిన ఫొటో ఒకటి ఉంది. మంత్రి బల్ల మీదికి వంగి సంతకం పెడుతున్నాడు, చుట్టూ సూట్లు వేసుకున్న మనుషులు నిలుచుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో, హిదాత్సాలతో కలిపి ఆ రిజర్వేషన్‌లోని మూడు తెగల కౌన్సిల్‌కు ఛైర్మన్ అయిన జార్జ్ జిలెట్, చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు.